పేరు, ఊరు

ఎస్సై మొదట ఫోటోను బూటుకింద తొక్కాడు. ఆ తర్వాతే కెమెరా లాక్కున్నాడు.

ఫోటోలో ఉన్నది హమాలీ కరియమ్మ తమ్ముడు. కట్టడం పనంటూ ఏజెంటు అతన్ని యుద్ధం జరుగుతున్న దేశానికి పంపాడు. బాంబు పడి చచ్చిపోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. యుద్ధం వద్దని, కూలోళ్ళను ఆ నిప్పుల్లోకి తోలొద్దని రైసుమిల్లు హమాలీలు రాయచూరు బజారులో ఊరేగింపు తీశారు. వాళ్ళు చేసిన ఘోరం అదీ!

సాహితికి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికి ఆ మంట తనమీదికే తిరిగింది. జవళగేరలో వరి పండించే రైతు కూతురు ఆమె, సినిమా చదువు చదువుతోంది. ఊరేగింపును సినిమా తీస్తూ, కెమెరా ముందు మాట్లాడిన ప్రతి మనిషినీ మొదట పేరు, ఊరు చెప్పమని అడిగింది. కాలేజీలో నేర్పిన పద్ధతి. పోలీసులకు ఇంకేం కావాలి? లాక్కున్న కెమెరాలో ఆ బొమ్మ చూసుకుంటూ ఇంటింటికీ పోయి ఆరుగురిని ఎత్తుకుపోయారు.

"మనమే పట్టించాం సాహితీ" అన్నాడు కెమెరా పట్టిన నవనీత్.

మర్నాడు పొద్దున మిల్లు గేటు ముందు హమాలీలు వాదులాడుకుంటున్నారు.

"గీ చదువుకున్న పిల్లను నమ్మిందే తప్పు!" అని ఒకడు అరిచాడు.

"తప్పు నాదేనండీ. తిట్టండి, పడతాను" అంది సాహితి.

కరియమ్మ లేచింది. "తిట్లు తర్వాత. పేరు జెప్పుడు తప్పెట్లయితది? దొంగతనం జేసినమా? నా తమ్ముడు సస్తే వాని పేరు ఒక్క కాయితంల లేదు. గిప్పుడు మన పేర్లు గూడ దాచిపెట్టాల్నా? నడువుండ్రి ఠాణాకు!"

ఠాణా ముందు ఎస్సై అడ్డం నిలబడ్డాడు. కరియమ్మ వాడి ముఖంలోకి చూసింది.

"కరియమ్మ. యరగేర. యుద్ధం వద్దన్న. రాస్కో."

ఆమె వెనక మరొకరు పేరూ ఊరూ అరిచారు. తర్వాత ఇంకొకరు. లోపల లాకప్పులోంచి ఆ ఆరుగురూ అందుకున్నారు. సాహితి ఫోను పైకెత్తి తీస్తోంది. లాఠీలు లేచాయి.

ఎస్సై ఆమె చెయ్యి పట్టుకుని, ఫోను ఇమ్మని కన్నడంలో గద్దించాడు. సాహితి ఫోనును తన ముఖంవైపు తిప్పుకుంది.

"సాహితి. జవళగేర. యుద్ధం వద్దంటున్నాను. నిన్నటి సినిమా తీయించింది నేనే."

ఆమెను లోపలికి ఈడ్చుకుపోతుంటే ఫోను నవనీత్ చేతికి విసిరింది. వాడు దాన్ని జనంవైపు తిప్పాడు. ఈసారి పేరు అడగాల్సిన పనే లేకపోయింది.