కోపానికెన్ని అడుగులు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్లంతా అంటారు. ఒట్టి మాట. నా కోపం ఉండేది కుడి భుజంలో. నేను బళ్లో డ్రిల్లు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లల చేత ఇనప గుండు విసిరిస్తున్నాను, డిస్కు విసిరిస్తున్నాను. అలాంటిదాన్ని సోమవారం సాయంత్రం మా మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి, పెళ్లినాడు మా ఆయన తొడిగిన బంగారు ఉంగరాన్ని తీసి, వెనకాల ఖాళీ స్థలంలోకి విసిరేశాను.

ఎందుకు విసిరానో చెప్పకపోతే మీరంతా ఆయన వైపు చేరిపోతారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన స్పీకర్లు బాగుచేస్తాడు. హాల్లో కిటికీ పక్కన బల్ల, దాని మీద పొట్ట విప్పిన స్పీకర్లు, తీగలు, ఇల్లంతా టంకం వాసన. ఎవరి జోలికీ పోడు, గట్టిగా మాట్లాడడు. "నీకేమమ్మా, వెన్నలాంటి మొగుడు" అంటారు అందరూ. వెన్నే మరి. ఎటు నొక్కితే అటు పోతుంది. ఇరవై ఆరేళ్లలో నేను ఏదడిగినా ఆయన నోట వచ్చిన మాట ఒక్కటే: పర్లేదు.

సోమవారం బడి నుంచి వచ్చి, టీ పెట్టనా కాఫీ పెట్టనా అని అడిగాను. "ఏదైనా పర్లేదు." గోడలకి నీలం రంగు వేయిద్దామా, పసుపు వేయిద్దామా అన్నాను. "ఏదైనా పర్లేదు." సెలవుల్లో సముద్రానికి పోదామా, కొండలకి పోదామా అన్నాను. "ఎక్కడికైనా పర్లేదు." తలెత్తితే ఒట్టు. నాకు ఒళ్లు మండింది. "నన్ను కాకుండా ఇంకెవర్ని చేసుకున్నా పర్లేదా?" అన్నాను. ఆయన స్పీకర్లోకి తొంగి చూస్తూనే, "ఆఁ, పర్లేదు" అన్నాడు.

అంతే. బాల్కనీలోకి నడిచాను. ఉంగరం తీశాను. మిగతాది భుజం చూసుకుంది.

లోపలికొచ్చి, "ఉంగరం విసిరేశాను" అన్నాను. అప్పుడెత్తాడు తల. మొహం తెల్లగా పాలిపోయింది. "ఎటు?" అని మాత్రం అడిగాడు. ఎందుకని అడగలేదు. అడగని మనిషికి నేను మాత్రం ఎందుకు చెప్పాలి? మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

గురువారం వాచ్‌మన్ ఓ చల్లని కబురు మోసుకొచ్చాడు. శనివారం లారీలొస్తాయట, ఆ స్థలమంతా కంకర పోసి పార్కింగ్ చేస్తారట. నా బింకం అక్కడితో సరి. ఇంకో ఉంగరం కొనుక్కోలేక కాదు. కానీ అది అలాగే పోతే, 'పర్లేదు' అన్న ఆ మాటే మా ఇంట్లో ఆఖరి మాటగా మిగిలిపోతుంది. ఈ మనిషికి నేనే కావాలా, ఎవరైనా సరిపోతారా? అది తేలకుండా దాని మీద కంకర పోయించుకోవడం నా వల్ల కాదు. మా లెక్కల టీచర్ పారేసుకున్న చెవిదుద్దు ఆటస్థలంలో వెతికిచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేశాను.

శుక్రవారం పొద్దున్నే వచ్చాడు. పోయిన ఉంగరాలు వెతికిపెట్టడమే ఆయన పని కాబట్టి అందరూ ఉంగరాలాయన అంటారు. బక్కపల్చటి మనిషి. మోకాళ్లకి మెత్తలు, మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో కర్ర చివర పళ్లెం బిగించినట్టుండే, లోహం పసిగట్టే డిటెక్టరు. వస్తూనే డాక్టరులా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"జారిందా అమ్మా, విసిరారా?"

"విసిరాను."

"కోపంతోనా, చిరాకుతోనా?"

"ఏదైతే ఏంటండీ?"

"అలాగంటే ఎలాగమ్మా? చిరాకు ఇరవై అడుగులు పోతుంది. కోపం నలభై దాటుతుంది. ఏడుస్తూ విసిరింది కాళ్ల దగ్గరే పడుతుంది, దానికి నేనక్కర్లేదు."

"కోపమే" అన్నాను పరువు కాపాడుకుంటూ.

సంచిలోంచి నాలుగు ఇత్తడి వాషర్లు తీశాడు. ఒక్కోదానికి ఎర్ర రిబ్బను ముక్క కట్టి ఉంది. "ఇవి మీ ఉంగరమంత బరువుంటాయి. సోమవారం ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి, ఎలా విసిరారో అలాగే విసరండి. ఇది పడ్డచోటికి దగ్గర్లోనే అదీ ఉంటుంది" అని చెప్పి కిందికి దిగిపోయాడు.

నేను వాషరు పట్టుకుని బాల్కనీలో నిలబడ్డాను. మా ఆయన నా పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పెళ్లికొడుకులా నిలబడ్డాడు. పై అంతస్తు పిన్నిగారు బట్టలారేస్తూ కిందికి వంగారు.

"ఏం విసురుతున్నావమ్మాయ్?"

"ఉంగరం పోయింది పిన్నిగారూ. వెతుకుతున్నాం."

"వెతుకుతుంటే మళ్లీ విసరడమేంటే?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వాషరు చేయి జారి పద్దెనిమిది అడుగుల దూరంలో పడింది. మా బళ్లో ఏడో తరగతి పిల్లలు కూడా ఇంతకంటే బాగా విసురుతారు. ఉంగరాలాయన నిలబడ్డ తీరులోనే నాకెన్ని మార్కులొచ్చాయో తెలిసిపోయింది. అయినా పని పనే కదా, ఆ చుట్టుపక్కలంతా గంటసేపు డిటెక్టరు ఊపుతూ తిరిగాడు. అది కిక్కురుమంటేగా!

"ఈ నేల నాకేం నచ్చట్లేదమ్మా" అని కింద నుంచి అరిచాడు. "మరీ శుభ్రంగా ఉంది! ఏ ఖాళీ స్థలంలోనైనా నాలుగడుగులకో మేకు కూస్తుంది. ఇక్కడ ఒక్కటీ లేదు. పోన్లెండి. మీరు కోపం తెచ్చుకుని ఇంకోటి విసరండి!"

తెచ్చుకోమంటే ఎక్కణ్ణించి తేను? పిలవకుండా రోజుకి నాలుగుసార్లు వచ్చే కోపం, అవసరానికి బతిమాలినా రానంది. మా హెడ్‌మాస్టర్ని తలుచుకున్నాను. ఇరవై రెండు అడుగులు. జీతంలో కోత పెట్టిన గుమాస్తాని తలుచుకున్నాను. అది ఇంకా అన్యాయం, రెండో అంతస్తు వాళ్లు ఆరేసిన దుప్పట్లో చిక్కుకుంది. అప్పటికి ప్రతి బాల్కనీలోనూ జనమే. ఎవరో కుర్చీలు కూడా వేసుకున్నారు.

"ఇక ఒక్కటే ఉందమ్మా!" అన్నాడు ఉంగరాలాయన. "సార్, సోమవారం మీరేమన్నారు? ఆ మాట ఇప్పుడు అనండి!"

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "నేనేమన్నాను?" అన్నాడు.

"ఓరి నాయనో, ఏమన్నాడో కూడా తెలీదట!" అని పిన్నిగారు ఆ వార్తని పై అంతస్తులకు చేరవేశారు.

కోపం వస్తుందని అందరూ ఆశగా చూశారు. రాలేదు. మనసు చివుక్కుమంది, అంతే. చివుక్కుమన్న మనసుతో విసిరితే పదడుగులు కూడా పోదు. మా ఆయనకి నా మొహం చూసి జాలేసినట్టుంది, సాయం చేయబోయాడు. "నీ ఈల... కొంచెం గట్టిగా ఉంటుంది" అన్నాడు. నేను పకపకా నవ్వేశాను.

"నీకు తిట్టడం రాకపోతే తప్పుకో అబ్బాయ్, నేను తిడతాను!" అన్నారు పిన్నిగారు.

"కొత్త తిట్లు పనికిరావండీ!" ఉంగరాలాయన రెండు చేతులూ ఊపాడు. "అదే మాట రావాలి, అదే వరసలో రావాలి. అమ్మా, మొదట్నుంచీ అనుకోండి!"

మూడొంతుల బిల్డింగు వింటుండగా నా కాపురం మళ్లీ మొదట్నుంచీ చేశాను. టీయా కాఫీయా అన్నాను. "ఏదైనా పర్లేదు" అన్నాడు ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా. నీలమా పసుపా అన్నాను. "ఏదైనా పర్లేదు." సముద్రమా కొండలా అన్నాను. "ఎక్కడికైనా పర్లేదు." భుజంలో ఏదో కదిలింది. వెనక్కి ఓ అడుగు వేసి, చేయి సిద్ధం చేసుకుని అడిగాను.

"నన్ను కాకుండా ఇంకెవర్ని చేసుకున్నా పర్లేదా?"

చూస్తే ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

"అనండి" అన్నాను.

"ఏమని?"

"పర్లేదు అని. సోమవారం అదేగా అన్నారు."

"అలా అడిగావా నువ్వు?"

"అడిగాను."

"నేను పర్లేదన్నానా?"

"అన్నారు."

ఆయన బాల్కనీ కమ్మీ పట్టుకున్నాడు.

"సార్, అనేయండి! అమ్మగారి చేయి వేడి మీదుంది!" అని కింద నుంచి కేక.

"అనను" అన్నాడు మా ఆయన.

"ఉత్తుత్తికే సార్!"

"ఉత్తుత్తికి కూడా అనను!" ఇరవై ఆరేళ్లలో ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "సోమవారం తనేం అడిగిందో నేను వినలేదు. ఇవాళ విన్నాను. విన్నాక దానికి పర్లేదని ఎలా అంటానండీ? పర్లేదేంటి, నాకస్సలు కుదరదు!"

నాకు సంతోషం రావాలి కదా? వచ్చింది. కానీ దాన్ని మోచేత్తో పక్కకు నెట్టేసి, కోపం ముందొచ్చింది. నాలుగు రోజులు! నాలుగు రోజులు నిద్ర లేదు, తిన్నది ఒంటికి పట్టలేదు, బళ్లో పిల్లల మీద ఊరికే ఈలలు ఊదాను!

"ఈ ముక్క సోమవారమే అని ఏడవచ్చుగా!" అని అరిచి విసిరాను.

ఎర్ర రిబ్బను టపటపలాడుకుంటూ పోయింది. ఉంగరాలాయన నెత్తి మీద నుంచి పోయింది. ఆయన గంటసేపు తిరిగిన చోటు దాటింది, విరిగిన సిమెంటు బెంచీ దాటింది, ఆ చివర ప్రహరీగోడ దగ్గర పాత పెంకుల కుప్ప పక్కన పడింది. "అదమ్మా కోపమంటే!" అని ఆయన దాని వెనక పరుగు తీశాడు. బాల్కనీలన్నీ చప్పట్లు కొట్టాయి. నేను నమస్కారం కూడా పెట్టాను, అబద్ధమెందుకు.

మేమిద్దరం మూడంతస్తులూ దిగి పరిగెత్తాం. కిందికొచ్చాక చూస్తే నా కాళ్లకు ఒకటి నా చెప్పు, ఒకటి ఆయన చెప్పు. ఉంగరాలాయన అడుగులు లెక్కపెట్టుకుని యాభై మూడు అని ప్రకటించాడు. తన వృత్తిలో ఆడవాళ్ల చేతి నుంచి ఇదే పెద్ద విసురట. మగవాళ్ల సంగతేంటి అంటే, మగవాళ్లు విసరరు, జారవిడుచుకుంటారు అన్నాడు.

అక్కడ డిటెక్టరు ఊరుకోలేదు, అడుగడుక్కీ కూసింది. మేకు, సీసా మూత, తుప్పు పట్టిన తాళం, మళ్లీ మేకు. "ఇదీ నేలంటే!" అని ఆయన మురిసిపోయాడు. కాసేపటికి ఒకచోట ఆగాడు. హెడ్‌ఫోన్లు తీసి నా తలకు పెట్టాడు.

"మేకైతే గరగరమంటుంది. ఇది వినండి."

గరగర లేదు. మెత్తగా, గుండ్రంగా, ఎవరో దగ్గరగా వచ్చి పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది.

"నేను చూపిస్తానంతే, ముట్టుకోను. తీయడం మీ పని" అని ఆయన వెనక్కి జరిగాడు.

మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో తవ్వాను. ఎండు గడ్డి, పెంకు ముక్క, ఆ కింద పచ్చగా మెరుస్తూ నా ఉంగరం. నేను గట్టిగా కేక పెట్టాను. అది చాలక మెళ్లో ఉన్న ఈల తీసి ఊదాను, రేసు గెలిచిన పిల్లలకు ఊదినట్టు. పిన్నిగారు ఉలిక్కిపడి దండెం మీంచి బట్టలు కింద పడేసుకున్నారు.

ఉంగరాలాయన సంచి సర్దుకున్నాడు గానీ కదల్లేదు. "నా మనసు ఒప్పట్లేదమ్మా" అన్నాడు. "ఇక్కడ ఇన్ని మేకులున్నాయి, మీ బాల్కనీ కింద నుంచి ఆ బెంచీ దాకా ఒక్కటీ లేదు. ఎవరో ఆ ముక్కంతా పనిగట్టుకుని ఊడ్చారు."

మా ఆయన నేల చూపులు చూశాడు. "నేనేనండీ" అన్నాడు.

స్పీకర్లోంచి తీసిన పెద్ద అయస్కాంతానికి తాడు కట్టి ఈడ్చాడట. మంగళవారం, బుధవారం, గురువారం, ఇవాళ కూడా. పొద్దున్నే పాలకని వెళ్లి గంటకి వచ్చేవాడు. పాల దుకాణం ఏమన్నా దూరం జరిగిందా అని వెటకారం కూడా చేశాను. మెట్ల కింద పెట్టుకున్న బిస్కెట్ల డబ్బా తెచ్చి చూపించాడు. నిండా మేకులు, జుట్టు పిన్నులు, సీసా మూతలు.

"బంగారం అయస్కాంతానికి అంటుకోదని మీకు తెలీదా?" అన్నాను. "ముప్ఫై ఏళ్లుగా అయస్కాంతాలతోనే కదండీ మీ బతుకు!"

"తెలుసు."

"మరి?"

"ఇంట్లో కూర్చుంటే ఊపిరాడలేదు. నా చేతికి తెలిసిన వస్తువు అదొక్కటే."

"నాలుగు రోజులు నాతో ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?"

"దొరికాక చెబుదామనుకున్నాను" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు కానివ్వాలో తెలియలేదు. బిల్డింగంతా చూస్తోందని తెలిసీ ఆ మట్టి చేతులతోనే ఆయన్ని గట్టిగా పట్టుకున్నాను. ఉంగరాలాయన దగ్గాడు, పిన్నిగారు ఏదో అరిచారు. నేను వదల్లేదు.