టవరు పైముక్క

మా ఆయన ప్రభుదాసుకి హామ్ రేడియో పిచ్చి, వైరు లేకుండా దూరాలవాళ్ళతో మాట్లాడుతుంటారు. కోడూరులో మా డాబా మీద చిన్న టవరు లేపి, దాని పైముక్కలు గుడివాడ వెల్డింగ్ షాపులో రెండు చేయించారు, పొడుగుదొకటి, పొట్టిదొకటి. పొడుగుది పెడితే మాట బందరు దాకా అందుతుందట.

మోతుబరి వీరభద్రయ్య గారు వచ్చి, "గుడి ధ్వజస్తంభం కంటే ఎత్తు లేస్తే ఊరికి అరిష్టం ప్రభుదాసూ" అన్నారు. మేం చేసే కౌలు ఆయన పొలమే మరి. పొట్టిదే బిగించాం. పొడుగు ముక్కకి పెరట్లో కాకరతీగ పాకించాను.

నాలుగేళ్ళు తిరక్కుండా ఆ వీరభద్రయ్య గారి దొడ్లోనే సెల్ టవరు లేచింది. పొద్దున్నే దాని నీడ గుడి దాటి పడుతుంది. అరిష్టం మాట ఒక్కరూ ఎత్తలేదు.

మొన్న తుఫానుకి ఆ టవరు మూగబోయింది. వీరభద్రయ్య గారు తడుస్తూ మా గుమ్మంలోకి వచ్చారు.

"మా అమ్మాయి సుభాషిణి పురిటికి బందరు ఆస్పత్రిలో ఉంది. నీ రేడియోలో కాస్త కనుక్కో."

మా ఆయన బ్యాటరీ పెట్టి, బందరులో రేడియో ఉన్నవాళ్ళని చాలాసేపు పిలిచారు. "అంతదూరం అందడం లేదండీ."

"ఏం చేస్తే అందుతుంది?"

నేను పెరటి తలుపు తీసి కాకరపాదు చూపించాను.

"మీరు వద్దన్న ఎత్తు అదిగోనండీ."