ఒక ఫోను, నాలుగు జతల ఎడ్లు

ప్రాజక్త మొండిది. నాందేడ్‌లోని ఆ చిన్న గేమ్ కంపెనీలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. రాసిన మార్పు రెండు లైన్లదైనా సరే, ఆన్‌లైన్లో నడుస్తున్న ఆట మీద నేరుగా పెట్టదు. ఆటగాళ్ల డేటాబేస్‌కు నకలు తీసి, ముందు దాని మీద నడిపి చూడాల్సిందే.

ఆ రోజు మూడింటికి సర్వర్లు ఆపి మార్పు పెట్టాలి. వాళ్ల ఎడ్ల పందేల ఆటలో కొందరు ఒకే ఫోన్ నంబరు మీద పది ఖాతాలు తెరిచి, అన్నిటినీ ఒకే పందెంలో దించి మోసం చేస్తున్నారు. ఇకపై నంబరుకు పాత ఖాతా ఒక్కటే ఉంచి, మిగతావి తుడిచేయాలి. ఆట మళ్లీ మొదలయ్యాక పోయినవాటిని వెనక్కి తేవడం బ్రహ్మతరం కూడా కాదు.

"రెండైతుంది. రాసింది నువ్వే గదా, నీ మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు ఉమేశ్. ఆఫీసుకు పెద్ద అతనే, ధర్మాబాద్ వైపు రైతుబిడ్డ. మరాఠీలో అన్నను పిలిచినట్టు అందరూ అతన్ని దాదా అంటారు.

"చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడెందుకు దాదా? అర్ధగంట ఆగుర్రి."

నకలు మీద మార్పు చక్కగా నడిచింది. ఒక్క తప్పూ చూపలేదు. ఉమేశ్ "ఇగ పెట్టెయ్" అంటుండగా, ప్రాజక్త తనకు కంఠతా వచ్చిన నంబరొకటి కొట్టి చూసింది. హిమాయత్‌నగర్ దగ్గర పల్లెలో ఉన్న తన ఇంటి నంబరది. నాన్న సంగప్ప ఖాతా కనిపించింది. అమ్మ ద్రౌపది ఖాతా లేదు.

కూలికి పోయే ఆ ఇంట్లో నలుగురికీ ఒకటే ఫోను. అమ్మ, నాన్న, తమ్ముడు, చెల్లెలు వంతులేసుకొని ఆడతారు. ఏళ్ల తరబడి, ఎడ్లను పూజించే పోళా పండుగకు పరాయివాళ్ల ఎడ్లనే కడిగిన ద్రౌపదికి, తనవి అని చెప్పుకునే ఎడ్లు ఆ ఆటలోనే ఉన్నాయి. సర్జా, రాజా. మూడేళ్లుగా సాకుతోంది.

అది నకలేనని తెలిసినా ప్రాజక్తకు ఏడుపొచ్చింది. ఆ ఫోను కోసం తమ్ముడితో జుట్లు పట్టుకున్నది తనే కదా! సొంత ఫోను కొని రెండేళ్లు కాలేదు, అప్పుడే మరిచిపోయింది. సిగ్గుతో తల వంచుకుంది.

"దాదా, ఇది పెడితె మా అమ్మ ఎడ్లు పోతయి. మా వాడల ఇంటికొక్క ఫోనే ఉంటది."

ఉమేశ్ తెర మీదికి వంగి చూశాడు.

"మా చేన్ల పనిజేసేటోళ్ల ఇండ్లల్ల గూడ అంతే," అన్నాడు. "అయిదింటికి పెడ్దాం. నిమ్మళంగ చెయ్."

ఒకే నంబరుతో ఒకే పందెంలో, ఒకే సమయంలో దిగిన ఖాతాలనే తుడిచేలా ఆమె దాన్ని మార్చింది. వంతులేసుకొని ఆడేవాళ్లు అలా దిగలేరు. మళ్లీ నకలు మీద నడిపింది. ఇంటి నంబరు కొడితే నాలుగు పేర్లూ ఉన్నాయి. హమ్మయ్య అనుకొని నీళ్లు తాగింది.

అయిదింటికి మార్పు పెట్టారు. ఆట మొదలైంది. అయినా మనసాగక ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నీ ఎడ్లున్నయా?"

"యాడికి పోతయే? ఇందాంక ఆట బందుండె. ఇప్పుడే నా వంతు అచ్చింది, నీళ్లు తాపుతుంటె నువ్వు ఫోన్ జేస్తివి. మీ నాయన గుంజుకుంటడు, పెట్టెయ్ బిడ్డా."

ప్రాజక్త నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఫోన్ పెట్టేసింది.