ఇంజన్ దగ్గర చోటు

రెండు ఫైబర్ పడవలూ మా హైస్కూలు వరండాలో పక్కపక్కనే ఉన్నాయి, కింద నీళ్లు లేవు, అయినా మెల్లగా ఊగుతున్నాయి, వాటి మధ్య నాన్న లుంగీ పైకి కట్టుకుని తిరుగుతున్నాడు. ఏడాది కిందట కామెర్లతో పోయిన మనిషి ఇక్కడికెలా వచ్చాడని నాకు అనిపించదు. వచ్చాడు కదా, ఏది కొనాలో చెప్పేస్తాడనే అనుకుంటాను, ఎందుకంటే తెల్లారితే అమ్మ ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి, నాన్న చెక్క నావ పుచ్చిపోయాక మా లంక నుంచి గోదారి దాటడానికి మాకంటూ ఏమీ లేదు, చిన్నాన్న తన పడవ ఎక్కించుకున్న రోజే నాకు బడి. కొత్తది కొన్నా తనే నడుపుతానంటున్నాడు, తీరిక ఉన్నప్పుడు.

నాన్న వేలి కణుపులతో ఒకదాన్ని తట్టి చెవి పెడతాడు, రెండోదాన్నీ తడతాడు. నేను వెనకే తిరుగుతూ చెబుతుంటాను, నీలం చారదాని అడుగు వెడల్పు, నాయనమ్మ భయపడకుండా కూర్చుంటుంది, ఎర్ర చారదాని అడుగు కోసుగా ఉంది, ఎదురునీటిలో బాగా పోతుందట అని. చెబుతుండగానే చారలు రంగులు మార్చుకుంటాయి, మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది.

"రెండూ కవలలే అమ్మడూ," అంటాడు నాన్న తాపీగా. "ఒకదాన్ని ఎత్తుకుంటే రెండోది ఏడుస్తుంది."

నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో అందరూ నాన్నయితే ఏది కొనేవాడో అని తలలు పట్టుకుంటుంటే ఈయనకి వేళాకోళంగా ఉంది.

వరండా ఎప్పుడు ఏరయిందో తెలీదు, మేమిద్దరం ఒక పడవలో ఉన్నాం, ఏ పడవో కనిపించదు, నాన్న వెళ్లి ముందు బల్ల మీద, బుట్టలు పెట్టుకుని అమ్మ కూర్చునే చోట కూర్చుంటాడు. ఇంజన్ దగ్గరికి వెళ్లు, ఒకసారి నడిపి చూడు అని బతిమాలతాను. ఆయన నాయనమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందంటాడు, నల్లకోడి పిల్లల్ని చేసిందా అంటాడు, పడవ అడ్డంగా తిరిగి కిందికి కొట్టుకుపోతున్నా వెనక్కి చూడడు.

"పరీక్షలయ్యాక ఇంజన్ నేర్పుతానన్నావు," అంటాను. "నేర్పకుండానే పోయావు."

"పరీక్షలు అయ్యాయా?"

"ఎప్పుడో అయిపోయాయి నాన్నా."

"మరి ఇంకా నన్నెందుకు అక్కడ కూర్చోమంటావు?"

కోపం ఆగక బల్లలు దాటుకుంటూ వెనక్కి పోతాను, పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, ఇంజన్ తాడు పట్టుకుని లాగుతాను, దగ్గి ఆగిపోతుంది, మళ్లీ లాగుతాను, నాన్న వీపు నా వైపు తిరగదు, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగుతాను.

దోమతెర మొత్తం మా మీద పడింది. అమ్మ అందులో చిక్కుకుని, పొద్దున్నే ఈ పీకుడేంటే అని విసుక్కుంటోంది.

"ఏ పడవైనా సరే అమ్మా," అన్నాను. ఎప్పుడూ గొణిగే నా మాట ఇల్లంతా వినిపించింది. "ఇంజన్ దగ్గర నేను కూర్చుంటాను. చిన్నాన్నని నేర్పమను, చాలు."

అమ్మ తెర పక్కకి తోసి, నా పిడికిలి విప్పి చూసింది. దోమతెర తాడు, దాని కొసన గోడ మేకు. మేకుకి సున్నం పెచ్చు ఇంకా అంటుకునే ఉంది.