బాకా నోట్లో క్వార్టరు సీసా

నేను ఒక పెద్ద ఇత్తడి బాకాను. పెళ్ళి బ్యాండులో అందరికంటే లావుగా, అందరికంటే వెనక, ఆకాశంకేసి నోరు తెరుచుకొని ఉండేది నేనే. ఉత్తరాదిలో ఎవరో రేకును సుత్తితో కొట్టి కొట్టి నాకీ బొజ్జ తెప్పించారు. చిలకలూరిపేటలో దేవసహాయం నన్ను భుజానికెత్తుకొని తొలిసారి ఊదిన రోజు వీధికుక్కలన్నీ ఒక్క గొంతుతో స్వాగతం పలికాయి.

పెళ్ళిలో మనుషులు తాము తాగింది చాలక బ్యాండువాళ్ళకూ పోస్తారు. అది మర్యాదట. దేవసహాయం ఆ మర్యాదను కాదనలేకపోయాడు. పోనుపోను పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కూడా తనకు తానే మర్యాద చేసుకోసాగాడు. భార్య రూతమ్మ కంటబడకుండా క్వార్టరు సీసాను నా నోట్లో దాచేవాడు. అది గొంతుకు అడ్డుపడి నా స్వరం జలుబు చేసిన దున్నపోతు స్వరమైపోయింది. విచిత్రం, జనానికి అదే నచ్చింది! ఆ బొంగురు బాకా రాకపోతే పెళ్ళికొడుకు గుర్రమెక్కనని భీష్మించిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఒక్క రూతమ్మకే నచ్చలేదు. మా ఊరేగింపుల్లో తలమీద దీపం మోసేది ఆమే. వెనక్కి తిరగకుండానే, నా స్వరాన్నిబట్టి లోపల సీసా ఉందో లేదో చెప్పగలిగేది.

డ్రమ్ము వాయించే ఇశ్రాయేలు దేవసహాయంతోపాటే తాగేవాడు, అతనికంటే బాగా నవ్వించేవాడు. ఒక మాఘమాసంలో పోయాడు. అతని డ్రమ్ము ఇప్పుడు మా ఇంట్లో, నా పక్కనే ఉంటుంది. దాన్నెవరూ కదిలించరు.

ఆ తర్వాతే దేవసహాయం ఆసుపత్రిలో చేరాడు. మానేశాడు, మళ్ళీ తాగాడు, మళ్ళీ చేరాడు. తాగుడు మానేసినవాళ్ళంతా ఆదివారాలు కలుసుకొని, ఒకరిముందొకరు తమ తాగుడు ఒప్పుకునే గదికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

"ఇది సుగర్ లాంటిదంట రూతూ. పోదంట. బతికినన్నాళ్ళూ నాతోనే ఉంటదంట," అన్నాడు ఒకనాడు.

"నేనూ అంతేగా! ఇద్దర్నీ భరించు," అంది రూతమ్మ.

చుక్క ముట్టకుండా ఏడు నెలలు గడిచాయి. నా గొంతు విప్పారింది. ఒక సాయంత్రం ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితుడొకడు మొహం చిట్లించాడు. "ఇదేం సౌండు బాబాయ్? పాత సౌండు రావాల!" అంటూ నిండు సీసా ఒకటి నా నోట్లో జారవిడిచాడు.

దేవసహాయం ఊదాడు. నేను బొంగురుగా మూలిగాను. జనం ఈలలు వేశారు. ముందు నడుస్తున్న దీపం టక్కున ఆగిపోయింది.

అతని చెయ్యి నా నోట్లోకి దిగింది. వేళ్ళు సీసాను పట్టుకున్నాయి, వదల్లేదు.

రూతమ్మ వెనక్కి వచ్చింది. మెడ కాస్త వంచి, దీపం వెలుతురు సరిగ్గా నా నోట్లో పడేలా నిలబడింది. సీసా పెళ్ళికూతురి ముక్కుపుడకలా మెరిసింది. పెళ్ళివారంతా తొంగిచూశారు.

"నేను తాగుబోతును," అన్నాడు దేవసహాయం పెద్దగా, ఆదివారం గదిలో అన్నట్టే. "ఇయ్యాల తాగలేదు."

అదేదో సినిమా డైలాగనుకొని జనం చప్పట్లు కొట్టారు! దేవసహాయం సీసా తీసి ఆ కుర్రవాడి చేతిలో పెట్టాడు. "నీ సామాను నువ్వే మోసుకో అబ్బాయ్."

ఆపైన ఊపిరంతా కూడదీసి ఊదాడు. అబ్బ! ఆ దెబ్బకు గుర్రం ముందుకాళ్ళెత్తి, పెళ్ళికొడుకుతో సహా పరుగందుకుంది. వెనకాల పెళ్ళివారు, వాళ్ళ వెనక బ్యాండు, అందరి వెనక దీపం పట్టుకొని పగలబడి నవ్వుతూ రూతమ్మ. ఊరేగింపు ముహూర్తానికి ముందే మండపం చేరడం మా బ్యాండు చరిత్రలో అదే మొదలు. పురోహితుడింకా స్నానంలోనే ఉన్నాడు.

అది జరిగి పదకొండేళ్ళు. నాకిప్పుడు సొట్టలెక్కువ, పెళ్ళిళ్ళు తక్కువ. అయినా రోజూ పొద్దున్నే దేవసహాయం నా నోట్లో మోచేతిదాకా చెయ్యిపెట్టి వెతుకుతాడు. ఏమీ ఉండదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. తర్వాత ఒకే ఒక్కసారి ఊదుతాడు.

వంటింట్లోంచి రూతమ్మ వింటుంది.

"ఇయ్యాల్టికి సరే. కాఫీ తాగు," అంటుంది.