పాత లైబ్రరీ వెనక గోడ

పెచ్చులమ్మ పరిశోధన చేసేది గోడల మీద. అసలు పేరు యూనివర్సిటీ రికార్డుల్లో భద్రంగానే ఉంది. కానీ పాత గోడల మీద బూడిదరంగులో పెచ్చుకట్టినట్టు పెరిగే లైకెన్ మచ్చల్ని భూతద్దంతో చూస్తూ ఏళ్ళ తరబడి కూర్చునే పిల్లని స్నేహితులు ఇంకే పేరుతో పిలుస్తారు? ఆ మచ్చ ఏడాదికి ఆవగింజంత పెరుగుతుంది. బుద్ధి పుట్టకపోతే అదీ పెరగదు. అలాంటిదాన్ని నమ్ముకున్న మనిషిని ఆరు నెలలకోసారి ప్రగతి నివేదిక ఇమ్మంటే ఏమిస్తుంది పాపం?

అయినా మొదటి మూడేళ్ళూ ఇచ్చింది. పాత లైబ్రరీ వెనక గోడ మీద నలభై ఒక్క మచ్చలకి నంబర్లు పెట్టుకుని, గొడుగు వేసుకుని కూర్చుని, ఒక్కోదాన్నీ పసిపిల్లకి ఎత్తు కొలిచినట్టు కొలిచింది. గైడ్ మేడమ్ ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం చేసేది. ఆ తర్వాతి ఏడాదిన్నర మాత్రం నివేదికల్లో ఒకటే వాక్యం, ‘కొలతలు కొనసాగుతున్నాయి’. మొదటిసారి మేడమ్ ఊరుకుంది. రెండోసారి ‘అసంతృప్తికరం’ అని రాసింది. మూడోసారీ అదే రాసేసరికి రీసెర్చ్ ఆఫీసు నుంచి ఇంటికి ఉత్తరం వచ్చింది. వరసగా రెండుసార్లు ప్రగతి లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో సమీక్షా సంఘం ముందుకొచ్చి చెప్పుకోవాలట. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చట. ఆ వచ్చినవారు నోరు విప్పకూడదట.

ఎందుకు రద్దు చేయకూడదో పెచ్చులమ్మకి బ్రహ్మాండంగా తెలుసు. చెప్పడమే కుదరదు.

సంగతేమిటంటే, ఏడాదిన్నర క్రితం ఒక సోమవారం పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆ గోడ తెల్లగా తళతళలాడుతోంది. నలభై ఒక్క మచ్చలూ శుభ్రంగా గోకేసి ఎవరో సున్నం కొట్టారు. ఆ ఎవరో మరెవరో కాదు, మావయ్యే. ముప్ఫై ఏళ్ళుగా యూనివర్సిటీ గోడలకి సున్నాలూ రంగులూ వేసే మేస్త్రీ. తండ్రి పోయినప్పటి నుంచీ ఆమెని అల్లారుముద్దుగా పెంచినవాడు. మేనకోడలిది ‘గోడల చదువు’ అని ఊరంతా గొప్పగా చెప్పుకుంటాడు. గోడ మీది మురికే ఆ చదువని ఆయనకి ఎవరు చెప్పారు కనక?

“రోజంతా ఆ పాచి గోడ ముందే కూర్చుంటున్నావని వాచ్‌మన్ చెప్పాడమ్మలూ. నా మనసు ఊరుకుంటుందా? నిన్న ఆదివారం కదా, ఒక్కణ్ణే వెళ్ళి మూడు పూతలు వేసొచ్చా. ఎలా ఉంది?” అని ఆ సాయంత్రం అడిగాడు. ముఖం వెలిగిపోతోంది.

“చాలా బాగుంది మావయ్యా” అంది పెచ్చులమ్మ. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, తనివితీరా ఏడ్చింది.

గైడ్ మేడమ్‌కి చెబుదామా అంటే ఆవిడకి ముక్కు మీద కోపం. గంట తిరక్కుండా ఫిర్యాదు రాస్తుంది. ఎవరూ చెప్పని గోడకి సున్నం కొట్టినందుకు మావయ్య పని పోతుంది. పని పోయినా ఫరవాలేదు, కోడలి చదువు చెడగొట్టింది తనేనని తెలిస్తే ఆయన బతికినన్నాళ్ళూ కుమిలిపోతాడు. అందుకే మింగలేక, కక్కలేక ఏడాదిన్నర గడిపింది.

ఇప్పుడు తోడు వస్తానని బయల్దేరింది కూడా ఆయనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళలోని సున్నం పుల్లతో తీసుకుంటూ, “నేనుండగా నీకు భయమేంటి?” అన్నాడు. ఆ ఉండడమే కదా ఇప్పుడు భయం!

సమీక్ష గదిలో పొడుగాటి బల్లకి అటువైపు డీన్, గైడ్ మేడమ్. ఇటువైపు మామా కోడళ్ళు.

“ఏడాదిన్నరగా కొత్త కొలత ఒక్కటీ లేదు. కారణం ఏంటమ్మా?” అన్నాడు డీన్.

“బద్ధకం సార్.”

మావయ్య కుర్చీ కిర్రుమంది. డీన్ వేలు పెదవులకి ఆనించి చూపించాడు. మావయ్య చొక్కా కొస పిడికిట్లో పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చున్నాడు.

“బద్ధకమా?” అంది గైడ్ మేడమ్. “మిట్టమధ్యాహ్నం గోడ దగ్గర కూర్చునేదానివి, నీకు బద్ధకమా? ఇదిగో సార్, మూడేళ్ళు ఈ గోడనే కొలిచింది. ఈ మచ్చలే ఈ పిల్ల చదువు. ఎంత శ్రద్ధగా చేసిందో చూడండి.” అంటూ ఫొటోలు బల్ల మీద పరిచింది.

మావయ్య ముందుకి వంగి ఫొటో వంక చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత మెల్లగా లేచి నిలబడ్డాడు.

“నేను మాట్లాడకూడదు సార్, తెలుసు. కానీ ఆ గోడకి సున్నం కొట్టింది నేను.”

“మావయ్యా, నువ్వు కూర్చో!”

“ఎందుకు చెప్పలేదే?”

“ఎలా చెప్పను? అంత ఇష్టంగా కొట్టావు.”

“అయితే నీ చదువు నా చేత్తో నేనే గోకి పారేశానన్నమాట” అన్నాడు మావయ్య. పెచ్చులమ్మకి బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. ఏడాదిన్నరగా ఏ ముఖం చూడకూడదని దాచిందో, ఆ ముఖం ఎదురుగానే ఉంది.

గైడ్ మేడమ్ అనుకున్నట్టే భగ్గుమంది. “ముందు నాతో చెప్పి ఏడవొచ్చుగా! ఏమయ్యా మేస్త్రీ, ఏ తేదీన కొట్టావు?” అంటూ కలం తీసింది.

“పోయినేడాది ఫిబ్రవరి పదహారు, ఆదివారం.”

“అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు?”

“ఏ గోడకి సున్నం కొట్టినా కింద మూల మేకుతో తేదీ గీస్తానండీ. మా గురువుగారు నేర్పిన అలవాటు. పూత ఎన్నాళ్ళు నిలిచిందో తెలియాలిగా.”

మేడమ్ చేతిలో కలం ఆగింది. “ఏ గోడకి కొట్టినా?”

“ఇక్కడ నేను కొట్టని గోడ ఏదండీ? హాస్టల్ వెనకది తొమ్మిదేళ్ళయింది. జనరేటర్ గదిది పద్నాలుగు. ఆటస్థలం ప్రహరీ ఇరవై రెండు. మళ్ళీ కొట్టిస్తామంటారు, కొట్టించరు. అన్నీ పాచి పట్టిపోయాయి” అన్నాడు మావయ్య, అదీ తన తప్పే అన్నట్టు తల దించుకుని.

పెచ్చులమ్మ తలెత్తింది. మేడమ్ అప్పటికే ఆమె వంక చూస్తోంది.

“సార్!” అంది పెచ్చులమ్మ. ఏడాదిన్నర తర్వాత ఆ గొంతులో ప్రాణం వచ్చింది. “సున్నం కొట్టినరోజు గోడ మీద ఏ మచ్చా ఉండదు. ఆ తేదీ తెలిస్తే ఇప్పుడున్న మచ్చల వయసు తెలిసినట్టే. నేను మూడేళ్ళ పెరుగుదలే కొలిచాను. ఈ గోడలన్నీ కొలిస్తే ఇరవై రెండేళ్ళది ఒక్క ఏడాదిలో చేతికొస్తుంది!”

“ఏడాది ఎందుకు, ఆరు నెలల్లో కొలిపిస్తాను” అంది మేడమ్. కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియదు.

డీన్ ఫారం ముందుకి లాక్కుని ‘రద్దు అవసరం లేదు, ఆరు నెలల గడువు’ అని రాశాడు. కారణం అన్న గడి దగ్గర మావయ్యని ఎగాదిగా చూసి, ‘కుటుంబ కారణాలు’ అని పూర్తిచేశాడు. “మీరు మాత్రం ఈ అమ్మాయిని అడక్కుండా కుంచె ముట్టుకోకండి” అన్నాడు.

“ఒట్టు సార్!”

ఆ మధ్యాహ్నమే మామా కోడళ్ళు గోడల వెంట బయల్దేరారు. వెనకాల గైడ్ మేడమ్, చెప్పులకి బురదంటుకుంటున్నా లెక్కచెయ్యకుండా. మావయ్య ప్రతి మూల దగ్గరా గొంతుక్కూర్చుని, గడ్డి పక్కకి తప్పించి తేదీ చూపిస్తుంటే, పెచ్చులమ్మ రాసుకుంది. చివరికి పాత లైబ్రరీ వెనక్కి వచ్చారు.

“ఇది నేను చూస్తా” అని పెచ్చులమ్మే వంగింది. ఏడాదిన్నరగా ఆ గోడ ముందు కూర్చుని దిగులుపడింది కానీ కింద మూలకి ఒక్కసారీ చూడలేదు. తేదీ ఉంది. దాని కింద, మిగతా ఏ గోడ మీదా లేనట్టు, వంకరటింకర అక్షరాలు కూడా ఉన్నాయి. ‘మా కోడలి గోడ.’

ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది.

“చెరిపెయ్యమంటావా అమ్మలూ?” అన్నాడు మావయ్య, బిక్కుబిక్కుమంటూ.

“ముట్టుకున్నావంటే ఊరుకోను” అంది పెచ్చులమ్మ. పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ‘గోడ పేరు’ అన్న చోట ఆ మూడు మాటలే రాసుకుంది.