రెండు చెవులకూ

పెళ్లయి ఏడాది దాటినా ఉరుకుందు తన పెళ్లాంతో ఫోన్లో ఒక్క సొంత మాట మాట్లాడి ఎరగడు. అతనిది ఆదోనిలో పత్తి మిల్లు పని, మిల్లు వెనక రేకుల షెడ్డులో నలుగురి మధ్య పడక. యశోద ఎమ్మిగనూరులో అతని తల్లి సుంకులమ్మ దగ్గర ఉంటుంది. ఆ ఇంటికి ఉన్న ఫోను ఒక్కటే. అది సుంకులమ్మ కొంగు ముడిలో ఉంటుంది. కొడుకు ఫోన్ చేయగానే ఆమె స్పీకరు పెట్టి, ఫోన్‌ని మగ్గం మీద ఆనించి, నేత ఆపకుండానే మాట్లాడుతుంది. పక్కనే యశోద కండెలకు నూలు చుడుతూ ఉంటుంది. గడప మీద పక్కింటి చౌడమ్మ కూర్చుని తనూ నాలుగు మాటలు కలుపుతుంది. ఆ వీధిలో ఏ ఇంట్లో అయినా అంతే. బయటూరి నుంచి మగాడి ఫోన్ వచ్చిందంటే అది ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. మొగుడి ఫోన్ తీసుకుని మూలకు పోయే కోడలికి అంతకన్నా చెడ్డపేరు అక్కర్లేదు.

తిన్నావా అంటే ఊ. ఒంట్లో బాగుందా అంటే ఊ. ఏడాది కాపురంలో అతనికి దక్కింది ఆ ఊ ఒక్కటే. పండక్కి ఇంటికి పోయినా ఒరిగేదేమీ లేదు. ఇల్లంతా ఒకే గది, అందులో సగం గుంట మగ్గమే. కాళ్లు గుంటలోకి దించి నేసే ఆ మగ్గం పక్కనే ముగ్గురూ పడుకోవాలి. తల్లి నిద్ర ఎంత తేలికో అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఇప్పుడు మాట్లాడక తప్పని పని పడింది. మిల్లు ఆవరణలో కాపలావాడి గది ఖాళీ అయింది. పెళ్లాన్ని తెచ్చుకుంటే నీకే ఇప్పిస్తానని మేస్త్రీ అన్నాడు. ఆదివారం లోపల మాట చెప్పాలి, లేదంటే అది ఇంకొకరికి పోతుంది. తీరా యశోదకు రావాలని ఉందో లేదో అతనికి తెలీదు. స్పీకర్లో అడిగితే మీ ఇష్టం అంటుంది. ఆ ఇష్టం ఎవరిదో దేవుడికెరుక. మెసేజ్ పెడితే సుంకులమ్మ దాన్ని చౌడమ్మ చేత పైకి చదివించుకుంటుంది. స్వయంగా పోదామంటే పత్తి సీజను, మిల్లులో సెలవన్న మాటే ఎత్తకూడదు. అటు తల్లి, ఇటు మేస్త్రీ, మధ్యలో తను. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

షెడ్డులో పక్క చాప కుర్రాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని తనలో తాను నవ్వుకుంటుంటే చూశాడు. వాడి పెళ్లాం ఏం చెబుతోందో పక్కనే ఉన్న తనకు ఒక్క ముక్క వినపడలేదు. ఉరుకుందుకు బుర్ర వెలిగింది. ఆమె చెవుల్లో అవి ఉంటే చాలు. తను మాట్లాడతాడు, ఆమె ఎప్పటిలా ఊ అంటే సరిపోతుంది.

మధ్యాహ్నం తిండి మానేసి, బస్టాండు దగ్గరి సందులో ఉమేర్ కొట్టుకు పోయాడు. చవకలో మంచిది కావాలన్నాడు. ఉమేర్ నవ్వి, చవకా మంచిదీ రెండూ ఒకటే డబ్బాలో దొరకవని చెప్పి, ఎవరికని అడిగాడు. ఇంటామెకు అన్నాడు ఉరుకుందు. ఆ మాట అనేసరికి మొహం వేడెక్కింది. పెళ్లయ్యాక ఆమెకు తన చేత్తో కొంటున్న మొదటి వస్తువు ఇదే. పూలు కూడా అమ్మే కొని పెడుతుంది.

వైరు లేనివి ముందు చూపించాడు ఉమేర్. బొమ్మ డబ్బాలా ముద్దుగా ఉన్నాయి గానీ వాటికి రోజూ చార్జింగు పెట్టాలట. ఇంట్లో ఉన్న ఒక్క ప్లగ్గూ అమ్మ చేతిలో ఉంటుంది. వద్దన్నాడు. ఆటోవాళ్లు పెట్టుకునే ఒంటి చెవిది తీశాడు. ఫోన్ మాటలకైతే ఇదే మేలు అన్నా, దీంతో పనైపోతుంది అన్నాడు. ఉరుకుందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒంటి చెవికి తగిలించుకున్న యశోద మొహం ఊహకు రాగానే మనసొప్పలేదు.

"ఆయమ్మికి రెండు చెవులుండాయి గదన్నా," అన్నాడు. "రెండిటికీ ఇయ్యి."

చివరికి ఎర్ర వైరుది నచ్చింది. చెవి లోపల కూర్చునే రబ్బరు బుడిపెలు, చిన్నవీ పెద్దవీ అదనంగా ఇచ్చారు. వైరు మధ్యలో మాట అందుకునే చిన్న మైకు. తన ఫోనుకు గుచ్చి పాట పెట్టి చూశాడు. బజారు రొద మొత్తం మాయమై, ఆ పాట తన కోసమే పాడినట్టు వినపడింది. యశోద చెవిలో తన గొంతు కూడా ఇలాగే ఉంటుందనుకుంటే సంతోషం ఆగలేదు. ఇదే కట్టు అన్నాడు. అప్పుడు ఉమేర్ అసలు ప్రశ్న వేశాడు. ఇంట్లో ఫోనుకు గుండ్రటి బొక్క ఉందా, ఇప్పుడొస్తున్న చార్జింగు పెట్టే బల్లపరుపు బొక్క ఒక్కటేనా?

ఉరుకుందుకు తెలీదు. తెలిసినామె ఒక్కతే ఉంది. తల్లికి దాచి చేయాల్సిన పని తల్లినే అడిగి చేయాల్సి వచ్చింది. ఫోన్ చేశాడు. స్పీకర్లో మగ్గం చప్పుడు టకటకమంటూ వచ్చింది. ఫోను కింద అంచు చూడమన్నాడు. సుంకులమ్మ నేత ఆపి, దాన్ని వెలుతురుకు తిప్పి చూసి, గుండ్రటిది ఒకటుంది, అందులో దూది చేరింది అని చెప్పింది. ఎందుకప్పా అని అడిగింది. మగ్గం చప్పుడులో యశోదకు మాట సరిగా అందడం లేదని, చెవిలో పెట్టుకునేవి పంపుతున్నానని చెప్పాడు.

సుంకులమ్మ గొంతు కొంచెం తగ్గింది.

"అవి పెట్టుకుంటే నీ మాట నాకు ఇనపడదా అప్పా?"

ఉమేర్ డబ్బాలు సర్దుతున్నట్టు తల తిప్పుకున్నాడు.

"ఇనపడతాదిలేమ్మా," అన్నాడు ఉరుకుందు. "నీకూ ఇనపడతాది."

పత్తి అమ్ముకోవడానికి ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన చౌడమ్మ మొగుడు సుంకప్ప చేతికి ఆ పొట్లం ఇచ్చి పంపాడు. యశోదకు ఇవ్వు అని మరీ మరీ చెప్పాడు. సుంకప్ప పెద్దగా తల ఊపాడు. ఇంటికి వచ్చిన ఏ వస్తువైనా ముందు ఇంటి పెద్ద చేతిలో పడి, పసుపు బొట్టు పెట్టించుకుని, ఆ తర్వాతే కోడలికి చేరుతుంది. అది సుంకప్పకూ తెలుసు, ఉరుకుందుకూ తెలుసు. చేరితే చాలనుకున్నాడు.

శనివారం సాయంత్రం పని దిగగానే పత్తి బేళ్ల చాటుకు పోయి ఫోన్ చేశాడు. ఎత్తినామె మాట్లాడలేదు. స్పీకరు రొద లేదు, చౌడమ్మ గొంతు లేదు. చెవుల్లో పెట్టుకున్నావా అని అడిగాడు.

"ఊ," అంది యశోద.

ఎంత దగ్గరగా వినపడిందో ఆ ఊ. అతను బేళ్ల మధ్యకు ఇంకొంచెం జరిగాడు. తను చెప్పేది చెబుతానని, ఆమె నోరు తెరవక్కర్లేదని అన్నాడు. రావాలని ఉంటే ఊ అనమన్నాడు, వద్దనుకుంటే దగ్గమన్నాడు. ఇక ఏడాదిగా గొంతులో ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది. గది సంగతి చెప్పాడు. గదికి కిటికీ ఉందన్నాడు, బయట కొళాయి ఉందన్నాడు.

"మా అమ్మ చెడ్డది కాదు యశోదా. అయినా ఆ ఇంట్లో నాకు నువ్వు దొరకవు. నీ నవ్వు ఎట్లుంటాదో కూడా నాకు తెల్దు. ఒక్కదానివి వచ్చేయ్. అమ్మకు నేను మెల్లగా సెప్పుకుంటా. వస్తావా?"

ఊ కోసం ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. మగ్గం చప్పుడు రావడం లేదని అతనికి అప్పుడు తట్టింది. ఆ వేళప్పుడు అమ్మ మగ్గం దిగదు.

చిన్నగా ఒక దగ్గు వినపడింది.

ఉరుకుందు బేలుకు చేరగిలబడ్డాడు. వద్దంది. తనే పిచ్చివాడిలా ఆశపడ్డాడు. కళ్లు మండాయి. సరేలే అనబోయాడు.

"దగ్గింది నేనప్పా," అంది సుంకులమ్మ. ఆ గొంతూ అంతే దగ్గరగా వచ్చింది. "నాకూ ఇనపడతాదంటివి గదా. ఒకటి దాని సెవిలో, ఒకటి నా సెవిలో పెట్టుకున్యాం."

ఒంటి చెవిది చూపిస్తూ ఇదే మేలన్న ఉమేర్ మాట గుర్తొచ్చింది అతనికి. నేల చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది. క్షమించమనాలో, కోప్పడాలో, ఫోన్ పెట్టేయాలో తెలీలేదు. పెట్టేస్తే ఆ ఇద్దరూ ఒకే వైరుకు కట్టిపడి అలాగే ఉంటారని మాత్రం తోచింది.

సుంకులమ్మ తిట్టలేదు, ఏడవలేదు. గొంతు సవరించుకుని ఒక్కటే అడిగింది.

"ఆ రూములో మగ్గం పడతాదా?"

ఎమ్మిగనూరు ఇంటి నేలలో గుంట తవ్వి, చనిపోయిన అతని తండ్రి దించిన మగ్గం. అది లేకుండా సుంకులమ్మ ఎక్కడా పది రోజులు ఉండి ఎరగదు. ఉరుకుందు నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పడతాదిలేమ్మా."

"అబద్దాలు సెప్పొద్దు," అంది యశోద.

ఊ కాకుండా ఆమె నోటి నుంచి అతను విన్న మొదటి సొంత మాట అది. అతను ఊహించుకున్న గొంతులా లేదు. కొంచెం బొంగురుగా, గట్టిగా ఉంది.

"కొలిసి సెప్పు. అత్తమ్మా నేనూ ఈడనే ఉంటాం, ఫోన్ పెట్టొద్దు."

గది నిన్ననే చూశాడు. చాప పరిస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. అందులో గుంట తవ్వనిచ్చే మిల్లు యజమాని భూమ్మీద లేడు. అయినా బేళ్ల పక్కన పడి ఉన్న తాడు ముక్క ఒకటి ఏరుకుని, ఫోన్ చెవి దగ్గర పట్టుకునే, కొలవడానికి బయలుదేరాడు.